మునీశ్వరుడి పువ్వు, చిన్నమ్మ మాత్ర

మొన్నొక శుక్రవారం మధ్యాహ్నం, తిరుపతిలో మేముండే అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర కింది వాటా అమ్మాయి ఉన్నట్టుండి కూలబడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను కూరగాయల సంచితో పైకి ఎక్కుతున్నాను. ఆ పిల్ల కనుగుడ్లు పైకి పోవడం చూడగానే నా చేతిలో సంచి జారిపోయింది. ఆ జబ్బు నాకు కొత్త కాదు గనుక దాన్ని చూసి నేను భయపడలేదు, ఆ పిల్ల తల్లి ఏం చేస్తుందోనని భయపడ్డాను. ఆమె మహా భక్తురాలు. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పదిమంది ఆడవాళ్ళు వాళ్ళింట్లో చేరతారు, సాతానును వెళ్ళిపొమ్మని గద్దించే కేకలు మా వంటింటిదాకా వినిపిస్తాయి. ఆ రోజు కూడా అందరూ లోపలే ఉన్నారు. తల్లి పరుగెత్తుకొచ్చింది. పిల్లను మెల్లగా ఒక పక్కకు తిప్పింది, చున్నీ మడిచి తల కింద పెట్టింది, తాళంచెవులు చేతిలో పెట్టబోయిన వాచ్‌మన్‌ను వద్దంది, ఫోను తీసి అంబులెన్సుకు చెప్పింది. అదంతా అయ్యాకే కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. నేను ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. గుండెల మీదినుంచి బరువేదో దిగినట్టయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో నా ఈడు వాళ్ళకు చెబితే తెలుస్తుంది.

యాభై ఏళ్ళు దాటిన మాట. కార్వేటినగరానికి అవతల, కొండల కింద, చెరకూ వేరుశనగా పండే చిన్న పల్లె మాది. ఇంటికి పెద్ద మా అవ్వ, అంటే మా నాయనను కన్న తల్లి. తాత పోయిన తర్వాత కాడీ మేడీ పట్టే సేద్యం తప్ప మిగిలిన పెత్తనమంతా ఆమెదే. మా నాయన కోపిష్టి కాడు, తల్లి మాట దాటి ఎరుగడు. మా అమ్మ సంగతి చెప్పనక్కరలేదు, ఆ కాలపు కోడళ్ళందరిలాగే ఇంట్లో ఆమె గొంతు ఎలా ఉంటుందో మాకే సరిగా తెలియదు.

ఆ రోజుల్లో మనుషులతో సమానంగా మరొక జనాభా కూడా మా ఊళ్ళో కాపురముండేది. వాళ్ళందరికీ ఇళ్ళూ వేళలూ ఉండేవి. వంకలో ఏడుగురు అక్కగార్లు మిట్టమధ్యాహ్నం స్నానమాడతారు, ఆ వేళకు ఆడపిల్లలు అటు పోకూడదు. పాత దిగుడుబావిలో ఎప్పుడో పడి చచ్చిన ఒక కోడలు ఉంటుంది, ఆమెకు ఏడాదికోసారి చీర పెడితే ఎవరి జోలికీ రాదు. మా చెరకు తోట గట్టున వేపచెట్టు కింద రాయి రూపంలో మునీశ్వరుడు ఉంటాడు. ఆయన మంచివాడా చెడ్డవాడా అని ఎవరైనా అడిగితే మా అవ్వకు ప్రశ్నే అర్థమయ్యేది కాదు. ఆయన కాపలావాడు. గౌరవంగా ఉంటే కాస్తాడు, చెప్పులేసుకుని పోతే జ్వరం తెప్పిస్తాడు, అంతే. దేవుడికీ దయ్యానికీ నడుమ ఎంతో చోటు ఉండేది మాకు, ఆ చోటంతా ఇలాంటి వాళ్ళతో నిండి ఉండేది.

మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, ఈ దయ్యాల లోకంలోంచి బయటపడ్డవాడు. చిత్తూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు పనికి కుదిరి, అక్కడే నర్సుగా ఉన్న ఒకామెను ఇష్టపడి, బాప్తిస్మం తీసుకుని ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె మా పక్క ఊరి పాలెంలో, అంటరానివాళ్ళని ఊరు ఎడంగా పెట్టిన వాడలో, పుట్టిన పిల్ల. ఆ ఒక్క మాటతో మా అవ్వ ఇంటి గడప ఆ ఇద్దరికీ మూసేసింది. కొడుకు ఎప్పుడైనా వస్తే వీధి తిన్నె మీద కూర్చుని తల్లిని చూసి పోయేవాడు. మా చిన్నమ్మనైతే పెళ్ళయిన ఆరేళ్ళలో నేనొక్కసారి చూశాను, అదీ పుత్తూరు బస్టాండులో. తెల్ల చీర, నూనె రాసి గట్టిగా బిగించిన జడ, నన్ను చూసి నవ్వాలా వద్దా అని తేల్చుకోలేని ముఖం.

చిన్నాయన మతం మార్చుకున్నాక దయ్యాల భయం పోయి ఉంటుందని మేమనుకునేవాళ్ళం. పోయింది నిజమే, మిట్టమధ్యాహ్నం వంకలో దిగి హాయిగా ఈత కొట్టేవాడు. అయితే వాటి స్థానంలో ఒకడొచ్చి కూర్చున్నాడు. మా దయ్యాలకు చిరునామాలు ఉండేవి, ఆ చెట్టు దాటితే వాటి పొలిమేర దాటినట్టే. ఆయన సాతానుకు చెట్టూ లేదు, బావీ లేదు, వేళా లేదు. మనసులో చెడ్డ తలంపు వచ్చినా వాడే, సైకిలు పంక్చరైనా వాడే. అక్కగార్లు, దిగుడుబావి కోడలు, మునీశ్వరుడు అందరూ ఆ ఒక్కడి వేషాలేనని ఆయన గట్టిగా నమ్మేవాడు. మా అవ్వకు మండిపోయేది ఇక్కడే. విచిత్రమేమిటంటే మునీశ్వరుణ్ణి నోరారా దయ్యమనే ఆ మనిషి, తోట గట్టు మీద నడిచేటప్పుడు మాత్రం చెప్పులు చేతిలో పట్టుకునేవాడు. బురదని సాకు చెప్పేవాడు, ఎండాకాలంలో కూడా.

నాకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా మొదటిసారి మూర్ఛ వచ్చింది. ఎక్కడో మాడిన వెంట్రుకల వాసన, కంటి చివర ఒక మెరుపు, ఆ తర్వాత ఏమీ తెలియదు. లేచేసరికి నాలుక కొరుక్కుపోయి చుట్టూ మనుషులు. రెండోసారి బెల్లం వండేచోట వచ్చింది. పెనంలో చెరకు పాలు కుతకుత ఉడుకుతున్నాయి, కింద పొయ్యి భగభగమంటోంది, ఆ పొయ్యి గాడి అంచునే పడ్డాను. నాయన చూసి లాగకపోతే ఈ రోజు ఈ మాటలు రాసేదాన్ని కాదు. ఎడమ మోచేయి కాలింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మనిషికొక మాట అన్నారు. మిట్టమధ్యాహ్నం వంక దాటి పోయింది, పెద్దమనిషైన కొత్త, అక్కగార్ల కన్ను పడింది అని చివరికి ఊరంతా తేల్చేసింది.

మంత్రగాణ్ణి పిలిపించారు. ఆయన క్రూరుడని నేననను, తనకు తెలిసింది తాను చేశాడు. నడివాకిట్లో ముగ్గు వేసి నన్ను కూర్చోబెట్టి, ఎండుమిరపకాయల పొగ ముఖానికి పట్టి, వేపమండలతో భుజాల మీద కొడుతూ "ఎవురు నువ్వు? పేరు సెప్పు" అని అడిగాడు. నేను దగ్గుతూ నా పేరు చెప్పాను. దయ్యానికి టక్కరితనం ఎక్కువగా ఉందని మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అడిగాడు. "నేనే సామీ, నేనే" అన్నాను. నాకు వేరే ఏం జవాబు తెలుస్తుంది? ఆ రోజు నాకు దెబ్బలకంటే ఎక్కువ బాధ కలిగించింది మా అమ్మ కళ్ళు. నేను నేనేనా కాదా అని వెతుకుతున్న కళ్ళు అవి. ఆ తర్వాత చాలా రోజులు నాకూ అదే అనుమానం పట్టుకుంది. ఒంటరిగా కూర్చుని నాలోపల ఇంకెవరైనా కదులుతున్నారేమోనని చెవి ఒగ్గి వినేదాన్ని.

అమావాస్యకు వచ్చి అరికాళ్ళకు వాతలు పెడతానని మంత్రగాడు చెప్పి పోయాడు. అప్పుడు మా అమ్మ, జీవితంలో మొదటిసారి, ఎవరినీ అడగకుండా ఒక పని చేసింది. చిత్తూరు బస్సు కండక్టరుతో మా చిన్నమ్మకు కబురు పంపింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఇద్దరూ దిగారు. చిన్నాయన అలవాటు ప్రకారం తిన్నె మీద కూర్చున్నాడు, చిన్నమ్మ కొంగు తలమీదికి లాక్కుని మెట్టు కింద వీధిలోనే నిలబడింది. అవ్వ గడపలో నిలబడింది. నన్ను చూడగానే చిన్నాయనకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అన్నాడు.

"ఇది సాతాను పనిమా. ఆ తోటలో రాయికి మొక్కతా ఉండారే, వాడే పట్టినాడు బిడ్డని. పాదిరిగారిని పిల్సుకొస్తా, ప్రార్థన సేస్తే పోతాది."

అవ్వ ఎగిరిపడింది. "ఒరే, పసిబిడ్డప్పుడు నీ పక్కన తాసుపాము పడుకోనుంటే కాటెయ్యకుండా కాసింది ఆయప్ప! ఆయప్పని దయ్యమంటావా? నీ నోట్లో పురుగులు పడ!"

తల్లీ కొడుకూ అలా అరుచుకుంటుంటే నేను గుంజకు ఆనుకుని కూర్చున్నాను. ఒక్కటి మాత్రం నాకు బాగా అర్థమైంది. ఇద్దరికీ పేర్ల దగ్గరే తగాదా. నాలో ఎవరో ఉన్నారన్న దగ్గర ఇద్దరిదీ ఒకే మాట.

అప్పుడు చిన్నమ్మ నోరు తెరిచింది. అత్తతో ఆమె మాట్లాడటం అదే మొదలు.

"అత్తా, దయ్యమో జబ్బో నేను దేవుణ్ణి కాదు సెప్పేదానికి. మా ఆసుపత్రికి ఇట్లాంటి బిడ్డలు వస్తారు. మాత్రలు మింగి ఇస్కూలుకు పోతా ఉండారు. మా గ్రంథంలో కూడా దయ్యం పట్టినోళ్ళు వేరే, మూర్ఛ రోగులు వేరే అని విడిగానే సెప్పినారు."

చిన్నాయన ఆమె వైపు తిరిగాడు. "అదే గ్రంథంలో నిప్పుల్లో పడతా ఉండిన పిల్లోడి కత కూడా ఉండాది గదా? ప్రభువు వాడిలోంచి దయ్యాన్ని ఎళ్ళగొట్టలా?"

నిప్పుల్లో అనగానే నా మోచేయి చురుక్కుమంది. చిన్నమ్మకూ ఆ కథ మీద నమ్మకముంది, కాదనలేదు. నెమ్మదిగా అంది.

"ఎళ్ళగొట్టినాడు. కొట్టలా. వాతలు పెట్టలా."

మా అవ్వ చిన్నకోడలి ముఖంలోకి చూడటం అప్పుడే చూశాను.

"కొట్టకుండానే పోయిందా?" అంది అవ్వ.

"మాటతోనే పోయింది అత్తా. ఆ తర్వాత బిడ్డ సెయ్యి పట్టుకుని లేపినాడు."

అవ్వ గడపలోంచి వెనక్కి తిరిగింది. లోపలికి పోయింది. ఆ రాత్రి వాళ్ళిద్దరూ పాలెంలో చిన్నమ్మ వాళ్ళ పుట్టింట్లో పడుకున్నారు. తెల్లవారగానే అవ్వ తలస్నానం చేసి, తడి చీరతోనే నన్నూ అమ్మనూ వెంటబెట్టుకుని తోటకు బయల్దేరింది. చిన్నాయన గట్టు చివర దూరంగా నిలబడి చూస్తున్నాడు, చెప్పులు చేతిలో ఉన్నాయి. అవ్వ రాయిని కడిగి, పసుపు పూసి, కుడిపక్కన ఒక గన్నేరు పువ్వు, ఎడమపక్కన ఒక గన్నేరు పువ్వు తడిపి అంటించింది. మా వైపు పూలడగడమంటే అదే. కుడి పువ్వు రాలితే సరేనన్నట్టు, ఎడమది రాలితే కాదన్నట్టు.

"సామీ, బిడ్డని కిరస్తానీ ఆసుపత్రికి పంపమంటా ఉండారు. నీ సొమ్ము ఇది. నువ్వు పొమ్మంటే పంపిస్తా, వద్దంటే వద్దు" అని చేతులు జోడించి కూర్చుంది.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఎండ ఎక్కి రాయి మీద తడి ఆరుతోంది. అమ్మ చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. నేను కుడి పువ్వు వంకే చూస్తూ ఊపిరి బిగపట్టాను. నాకు ఆసుపత్రికి పోవాలని ఉందో లేదో గానీ వాతలు మాత్రం వద్దు. చివరికి కుడి పువ్వు కొంచెం జారింది, ఆగింది, రాలింది. అవ్వ దాన్ని కళ్ళకద్దుకుని నా తలలో పెట్టింది. గట్టు చివరనున్న కొడుకు వైపు తిరిగి, "పిల్సుకోని పొండి. ఆయప్ప పొమ్మన్నాడు" అని కేకేసింది. తాను దయ్యమన్నవాడు తన దేవుడి ఆసుపత్రికే అనుమతి ఇచ్చాడంటే దాన్ని ఏ లెక్కలో వేసుకోవాలో పాపం చిన్నాయనకు తోచలేదు.

చిత్తూరు నుంచి నన్ను ఇంకా పెద్ద ఆసుపత్రికి, సరిహద్దు అవతల తమిళ ఊరికి తీసుకుపోయారు. తలకు తీగలు తగిలించి ఏవో గీతలు తీశారు. అవ్వ నా చేతికి కట్టిన పసుపుతాడును అక్కడి నర్సు కత్తిరించబోతే చిన్నమ్మ వద్దని పైకి జరిపింది. డాక్టరమ్మ తమిళావిడ, వచ్చీరాని తెలుగులో నన్నే అడిగింది, పడిపోయే ముందు ఏం కనిపిస్తుంది, ఏం వాసన వస్తుంది అని. అన్నాళ్ళుగా అందరూ నాలో ఉన్నవాళ్ళతో మాట్లాడుతున్నారు. నాతో మాట్లాడింది ఆమె. నేను మాడిన వాసనా మెరుపూ చెప్పాను. ఆమె తల ఊపి, ఇది జబ్బు, జ్వరంలాగా ఇదీ ఒక జబ్బు, లోపల ఎవరూ లేరు అని చెప్పింది. నేను నమ్మలేక మళ్ళీ అడిగాను. ఎవరూ లేరమ్మా, నువ్వే ఉండావు అంది. తిరుగు బస్సులో చిన్నమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఊరు వచ్చేదాకా ఏడ్చాను. నాలో ఉన్నది నేనొక్కదాన్నేనని తెలియడంలో ఎంత హాయి ఉందో, అలాంటి అనుమానం పడనివాళ్ళకు ఎలా చెప్పాలో ఈనాటికీ నాకు తెలియదు.

మాత్రలు కుదిరేదాకా కొన్ని నెలలు చిత్తూరులో వాళ్ళింట్లోనే ఉన్నాను. గోడమీద ఒక క్యాలెండరులో, రెక్కలున్న దేవదూత కొమ్ములూ తోకా ఉన్న ఒక నల్లటి ఆకారాన్ని కాలితో తొక్కుతున్న బొమ్మ ఉండేది. దయ్యానికి కొమ్ములుంటాయని నేనెరగను. మా దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి గానీ తక్కినదంతా మన ఇంటి ఆడవాళ్ళలాగే ఉంటుంది. ఈయన ఏ ఊరివాడని చిన్నమ్మను అడిగితే ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. రోజూ ఆమె మాత్రను అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చిన్న ప్రార్థన చేసి నాకిచ్చేది. నేను మింగే ముందు మనసులో మునీశ్వరుణ్ణి తలుచుకునేదాన్ని. మాత్ర ఎవరి మాట విన్నదో గానీ పని చేసింది.

నేను తేరుకుని ఊరికి వచ్చాక అవ్వ మునీశ్వరుడికి పొంగలి పెట్టింది. చిన్నకొడుకునూ కోడలినీ రమ్మని కబురు చేసింది. వచ్చారు. కానీ విగ్రహానికి పెట్టింది చిన్నాయన తినడని అందరికీ తెలుసు, మళ్ళీ గొడవ తప్పదని అమ్మ వణికిపోతోంది. అవ్వ ఆ ఉదయం రెండు పొయ్యిలు వెలిగించింది. ఒక కుండ తోటకు పోయింది, ఒక కుండ ఇంట్లోనే ఉండిపోయింది. నడింట్లో విస్తరాకులు పరిచి, గుమ్మం దగ్గర నిలిచిపోయిన చిన్నమ్మను చూసి, "లోపలికి రామ్మే. ఇది సామికి సూపించింది కాదు, మీకని విడిగా వండినా. తినండి" అంది. చిన్నమ్మ గడప దాటింది. కూర్చుంది గానీ చాలాసేపు ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది. అవ్వ విసనకర్ర తెచ్చుకుని ఆమె పక్కనే కూర్చుని విసిరింది. మునీశ్వరుడి గురించి ఆ తర్వాత కూడా తల్లీ కొడుకులు బతికున్నంతకాలం వాదులాడుకున్నారు, ఇంట్లో కూర్చునే.

నేను చదువుకున్నాను, బడి పంతులమ్మనయ్యాను. దాచకుండా జబ్బు సంగతి చెప్పి పెళ్ళి చేశారు, ఆ పట్టుదల కూడా చిన్నమ్మదే. కొన్నేళ్ళకు డాక్టర్లే మాత్రలు ఆపేశారు.

చిన్నాయన పోయి చాలాకాలమైంది. చిన్నమ్మ చిత్తూరులోనే ఉంది, చెవులు సరిగా వినబడవు. ఆమె చర్చికి ఈ మధ్య వచ్చిన కుర్ర పాస్టరు, మూర్ఛ వచ్చిన ఒక పిల్లవాణ్ణి మైకు ముందు నిలబెట్టి సాతాను పేరడిగితే, ఈమె లేచి ముందు ఆసుపత్రికి తీసుకుపొమ్మని కేకలేసిందట. పోయిన ఎండాకాలం ఆమెను కారులో ఎక్కించుకుని మా ఊరికి పోయాను. వంకలో నీళ్ళు లేవు, అక్కగార్లు ఎటు పోయారో. దిగుడుబావిని పూడ్చారు, ఆ కోడలికి చీర పెట్టేవాళ్ళు లేరు. మా తోట ప్లాట్లయింది. మునీశ్వరుడి చుట్టూ సిమెంటు గది కట్టి, ఇనుప గ్రిల్లు వేసి, తాళం వేశారు. మిట్టమధ్యాహ్నం బడిపిల్లలు ఫోను చూసుకుంటూ వంక దాటి పోతున్నారు, ఎవరికీ ఏ భయమూ లేదు. వాళ్ళలో ఎవరినైనా దయ్యం బొమ్మ గీయమంటే కొమ్ములూ తోకా ఉన్నవాణ్ణే గీస్తారు. ఆ భయం పోయినందుకు నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరూ ఉండరు, ఆ పొగ పీల్చినదాన్ని గనుక. అయినా ఆ గ్రిల్లు ముందు నిలబడితే, మా అవ్వ తడి చీరతో కూర్చుని పక్కింటి పెద్దమనిషితో మాట్లాడినట్టు ఆ రాయితో మాట్లాడిన తీరు గుర్తొచ్చింది. అలా అడగడానికీ, జవాబు కోసం అంతసేపు ఓపికగా కూర్చోవడానికీ ఇప్పుడు మాకెవరున్నారు? చిన్నమ్మ కారు దిగి, కర్ర పొడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె మొక్కలేదు. ఊరికే కాసేపు నిలబడి, "మీ అవ్వ పోయినాక నాకు విడిగా వండి పెట్టినోళ్ళు లేరు" అంది.